పక్కతోపుకు కొండనేల చెప్పే జవాబు

సావనీరు అనగానే కవితలు, కథానికలు, యూనియన్ కార్యదర్శి నివేదిక, వీడ్కోలు ఫొటోలు గుర్తుకు వస్తాయి. అటువంటి సంచికలో పైల్ ఫౌండేషన్ చుట్టూ మట్టి ఎలా ప్రవర్తిస్తుందన్న విషయం మీద వ్యాసమేమిటని కొందరు మిత్రులు నవ్వవచ్చు. నవ్వినా ఫరవాలేదు. సివిల్ విద్యార్థులు పరీక్షకోసం చదివి మరచిపోయే అధ్యాయమిది. తక్కిన శాఖలవారు పేరైనా వినని అధ్యాయం. కాని మా రాజవొమ్మంగి వంటి ఏజెన్సీ గ్రామాలలో గాలివాన వెలిసిన తరువాత కరెంటు ఎన్ని రోజులకు వస్తుంది, వాగు దాటి ఆసుపత్రికి పోయే దారి నిలుస్తుందా లేదా అనే ప్రశ్నలకు సగం జవాబు ఈ అధ్యాయంలోనే ఉన్నది. ఆ జవాబును మనం ఇంతకాలంగా ఎక్కడినుంచి తెచ్చుకుంటున్నాం, అది మన నేలకు ఎంతవరకు నప్పుతుంది అన్నదే ఇక్కడి చర్చ.

ముందుగా సివిల్ చదవని మిత్రులకోసం రెండు మాటలు. పునాది అంటే పైనున్న బరువును కిందికి దించేది అని అందరం అనుకుంటాం. నిజమే. అయితే బరువు ఎప్పుడూ నిలువునా రాదు. పెళ్లిపందిరి రాటను గాలి పక్కకు తోస్తుంది. కట్టుగొయ్యను గేదె పక్కకు లాగుతుంది. కరెంటు స్తంభాన్ని తీగలు లాగుతాయి, గాలి తోస్తుంది, తీగమీద కొమ్మ విరిగిపడితే ఒక్క ఊపున గుంజుతుంది. వంతెన కింది పైళ్లను వాగునీరు, దానితోపాటు కొట్టుకొచ్చే దుంగలు నెట్టుతాయి. ఓడరేవులో జెట్టీ పైళ్లను ఓడ వచ్చి ఒరుసుకుంటుంది. ఈ పక్కతోపునే మన క్లాసులో లేటరల్ లోడ్ అంటాం. దానికి ఎదురు నిలిచేది పైలు మొన కింద ఉన్న రాయి కాదు, పైలు చుట్టూ ఉన్న మట్టి. అందులోనూ ముఖ్యంగా నేలమట్టానికి దగ్గరగా ఉన్న మట్టి. రాట పాతిన ప్రతి రైతుకూ ఇది తెలుసు. అందుకే గొయ్యి పూడ్చేటప్పుడు పైభాగంలో రాళ్లు వేసి గునపంతో దట్టిస్తాడు. అతడు సమీకరణం వ్రాయలేదు గాని, బలం ఎక్కడ కావాలో సరిగ్గా అక్కడే పెట్టాడు.

సమీకరణం వ్రాసినవారి కథ కూడా చిన్నదేమీ కాదు. 1867లో ప్రేగ్ నగరంలో ఎమిల్ వింక్లర్ అనే ఆచార్యుడు నేలను వరుసగా పేర్చిన స్ప్రింగులుగా ఊహించాడు. ఒక స్ప్రింగును నొక్కితే అది కుంగుతుంది, పక్కదానికి ఆ సంగతే పట్టదు. రైలుపట్టా కింది పరుపుకోసం చేసిన ఊహ అది. తరువాతివాళ్లు అదే ఊహను నిలువునా తిప్పి పైలుకు అన్వయించారు. ఆ స్ప్రింగులు ఎంత గట్టివో అంచనా వేసుకోవడానికి 1955లో టెర్జాగీ కొన్ని అంకెలు ఇచ్చాడు. 1964లో బ్రోమ్స్, మట్టి పూర్తిగా లొంగిపోయే ఘడియలో ఎంత తోపును కాయగలదో లెక్కకట్టే పద్ధతి చెప్పాడు.

ఆపైన చమురు కంపెనీల అవసరం వచ్చింది. మెక్సికో సింధుశాఖలో సముద్రం మధ్య నిలబెట్టిన చమురు వేదికలను అలలు రాత్రింబగళ్లు తోస్తూ ఉంటాయి. ఆ పైళ్లకోసం టెక్సాస్ విశ్వవిద్యాలయానికి చెందిన మాట్లాక్, రీస్ మొదలైనవారు నిజమైన ఉక్కు పైళ్లను నేలలో దింపి పక్కకు లాగి చూశారు. మెత్తని బంకమట్టిలో మాట్లాక్ చేసిన పరీక్షల ఫలితం 1970లో వచ్చింది. మస్టాంగ్ దీవి ఇసుకలో 610 మిల్లీమీటర్ల వ్యాసంగల రెండు పైళ్లమీద 1966లో చేసిన పరీక్షల ఫలితం 1974లో అచ్చయింది. పైలు ఇంత జరిగితే మట్టి ఇంత ఎదురుతోపు ఇస్తుంది అని ఒక్కొక్క లోతుకు ఒక్కొక్క గీత గీశారు. వాటికే పి-వై వక్రాలని పేరు. స్ప్రింగు మొదట బిగువుగా ఉంటుంది, జరిగేకొద్దీ సడలుతుంది, చివరకు చేతులెత్తేస్తుంది. వింక్లర్ ఊహకు ప్రాణం పోసింది ఈ గీతలే. ఈనాడు కంప్యూటరులో పైలును నమూనా చేసే ప్రోగ్రాములు చాలావరకు వీటిమీదే నడుస్తున్నాయి.

ఇంతవరకు ఎవరినీ తప్పుపట్టవలసిన పని లేదు. వాళ్లకు సముద్రపు బంకమట్టి, తీరపు ఇసుక అవసరమయ్యాయి, వాటినే పరీక్షించారు. తమ నేలను తామే అడిగి తెలుసుకున్నారు. చిక్కల్లా, వాళ్ల నేల చెప్పిన జవాబును మనం మన కొండల నోట పెడుతున్నాం.

రాజవొమ్మంగి చుట్టుపక్కల నేల ఎటువంటిది? తూర్పు కనుమల్లో ఎక్కువగా కనిపించే శిలలు ఖొండలైటు, చార్నకైటు. ఖొండలైటు పేరే ఈ కనుమలలో నివసించే ఖోండు జాతినిబట్టి వచ్చింది. ఈ రాళ్లు వేలయేండ్లు ఎండకు ఎండి, వానకు తడిసి, ఉన్నచోటనే కుళ్లి మట్టిగా మారుతాయి. అందుచేత మన ఎర్రనేల ఏరు మోసుకొచ్చి పరచిన ఇసుకా కాదు, సముద్రం అడుగున పేరుకున్న బంకమన్నూ కాదు. చేతితో నలిపితే మట్టే, కాని లోపల పాత రాతిచారలు ఇంకా కనిపిస్తాయి. పైన బంక కలిసిన ఎర్రమట్టి, దానికింద గరప, మధ్యలో కుళ్లకుండా మిగిలిపోయిన బండ. పది అడుగుల దూరంలో రెండు గోతులు తవ్వితే రెండూ ఒకే మాట చెప్పవు.

ఇటువంటి మట్టికి అంటుకునే గుణమూ ఉన్నది, ఒరిపిడి గుణమూ ఉన్నది. బాగా వాడుకలో ఉన్న పాత వక్రాలు అయితే శుద్ధ బంకమట్టికి, కాకపోతే శుద్ధ ఇసుకకు గీసినవి. రెండు గుణాలూ కలిసిన మట్టికి కొందరు పరిశోధకులు దారి చూపారు గాని, వాటి వెనుక ఉన్న క్షేత్ర పరీక్షలు తక్కువ. ఇంకొక సంగతి ఉన్నది. ఏప్రిల్‌లో ఈ నేలలో గునపం దిగదు; ఆగస్టులో కాలే దిగబడుతుంది. ఎండినప్పుడు రేణువుల మధ్య మిగిలిన కాస్త తడే వాటిని ఒకదానికొకటి బిగించి పట్టుకుంటుంది. నేల నీటితో నిండితే ఆ పట్టు సడలిపోతుంది. గాలివాన వచ్చేదీ, వాగు పొంగేదీ సరిగ్గా ఆ రోజుల్లోనే కదా! ఎండలో పరీక్షించిన మట్టిని వానలో నమ్ముకోవడం, వరాలిచ్చే వేళ దేవుణ్ణి చూసి శపించే వేళ మరచినట్లే.

మూడవది వాలు. పుస్తకంలోని పైలు సమతలమైన నేలలో ఉంటుంది. మన కొండదారి పక్కన స్తంభానికి ఒకవైపు గట్టు, రెండోవైపు లోయ. లోయవైపు తోపు వస్తే ఎదురు నిలవడానికి అటు మట్టి ఎంత ఉన్నది? సమతలపు లెక్కను వాలుమీద యథాతథంగా వేస్తే లేని మట్టిని ఉన్నట్లు లెక్కించడమే అవుతుంది.

అంకెలలో చూస్తే సంగతి స్పష్టమవుతుంది. పైల్ ఫౌండేషన్లకు మన దేశపు ప్రమాణం ఐ.ఎస్. 2911. అందులో 2010 నాటి సవరణలో ఇసుకవంటి నేలల బిగువుకు ఒక పట్టిక ఉన్నది. పొడి వదులు ఇసుకకు ఘనమీటరుకు 400 మొదలు 2,500 కిలోన్యూటన్ల వరకు; మధ్యరకానికి 2,500 మొదలు 7,500; బాగా బిగిసినదానికి 7,500 మొదలు 20,000. నీట మునిగితే ఈ అంకెలన్నీ సుమారు సగానికో, మూడింట రెండువంతులకో దిగుతాయి. 450 మిల్లీమీటర్ల వ్యాసంగల కాంక్రీటు పైలు, 25 గ్రేడు కాంక్రీటు, పొడవైనది, తల కట్టివేయనిది అనుకుందాం. దాని తలమీద 30 కిలోన్యూటన్లు, అనగా సుమారు 3 టన్నుల పక్కతోపు వచ్చిందనుకుందాం. నేల బిగువు 5,000 అని వేస్తే నేలమట్టం దగ్గర పైలు దాదాపు 6 మిల్లీమీటర్లు జరుగుతుంది. 1,000 అని వేస్తే 15 మిల్లీమీటర్లు. 500 అని వేస్తే 23 మిల్లీమీటర్లు. పైలు అదే, తోపు అదే. మారింది ఒక్క అంకె.

ఇక్కడ సీనియర్లు ఒక ఓదార్పు మాట చెబుతారు: ఫార్ములాలో మట్టి బిగువుకు అయిదవ మూలం తీస్తాం గనుక, దాన్ని కాస్త అటూఇటూగా ఊహించినా నష్టం లేదని. ఈ మాటలో సగమే నిజం. బిగువు పదోవంతుకు పడిపోతే పైలులోని బెండింగ్ మొమెంటు ఒకటిన్నర రెట్లకు కాస్త పైగా పెరుగుతుంది, అంతే. కాని జరుగుబాటు నాలుగు రెట్లవుతుంది. పైలు విరగకపోవచ్చు; దానిమీది వంతెన బేరింగు తన చోటునుంచి తప్పుతుంది, స్తంభం ఒరుగుతుంది, తీగ జారుతుంది. పైలు పరీక్షలకు సంబంధించిన నాలుగవ భాగం, వేరే పరిమితి నిర్ణయించనప్పుడు, 5 మిల్లీమీటర్ల జరుగుబాటు వద్ద ఉన్న తోపును, 12 మిల్లీమీటర్ల వద్ద ఉన్న తోపులో సగాన్ని పోల్చి, రెండింటిలో తక్కువదాన్ని తీసుకోమంటుంది. 5 మిల్లీమీటర్ల దగ్గర హద్దు గీసినచోట 6 అన్న జవాబుకు, 23 అన్న జవాబుకు ఉన్న తేడా చిన్నదా?

పైళ్ల మాట పెద్దమాట అనుకుంటే కరెంటు స్తంభం దగ్గరికి వద్దాం. పొడవులో సుమారు ఆరవవంతు భూమిలో పాతాలన్నది వాడుకలో ఉన్న నియమం. 8 మీటర్ల స్తంభాన్ని ఒకటిన్నర మీటరు లోతు పాతారనుకుందాం. ఇది పొట్టి పైలు. వంగదు, మొత్తంగా తిరుగుతుంది. ఇసుకవంటి నేలలో ఇటువంటి పైలుకు బ్రోమ్స్ చెప్పిన లెక్క ప్రకారం, తల దగ్గర తోపును కాచే శక్తి పాతిన లోతు ఘనాన్నిబట్టి ఉంటుంది. లోతు పెరిగేకొద్దీ మట్టి ఒత్తిడి పెరుగుతుంది, ఆ ఒత్తిడి పనిచేసే మేర పెరుగుతుంది, మొన దగ్గరనుంచి దానికి దొరికే చేయిపొడవు పెరుగుతుంది, మూడూ గుణించుకుంటాయి. ఇప్పుడు వాననీరు కోసివేయడంవల్ల గాని, రోడ్డు పక్క కాలువ తవ్వడంవల్ల గాని మొదట్లో ఒక్క అడుగు మట్టి పోయిందనుకోండి. ఒకటిన్నర మీటరు కాస్తా 1.2 మీటర్లయింది. లోతులో పోయింది అయిదోవంతే. బలంలో పోయింది సగం!

ఈ ఒక్క లెక్క లైన్‌మన్‌కూ, పంచాయతీ పనివాడికీ, కాలువ తవ్వే కంట్రాక్టరుకూ తెలిస్తే ఎంత మేలు! 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖ తీరం దాటినప్పుడు వేల స్తంభాలు పడిపోయాయి; దాని దెబ్బ అరకు, పాడేరు కాఫీతోటల దాకా తగిలింది. పడిన స్తంభాలు ఎప్పుడూ రెండు రకాలు: నడుము విరిగినవి, మొదలంటా ఒరిగినవి. విరిగినవాటికి స్తంభం చేసినవాడు జవాబు చెప్పాలి. ఒరిగినవాటికి మట్టి చెప్పాలి. మట్టిని మనం అడిగితే గదా చెప్పేది! స్తంభాలను లెక్కపెట్టేటప్పుడు ఈ రెండు రకాలను వేరువేరుగా వ్రాసుకున్నా, నేల గురించి మనకు ఎంతో తెలిసివచ్చేది.

దీనికి ఒక ఎదురువాదం ఉన్నది, అది తేలికైనదేమీ కాదు. భద్రతా గుణకం పెద్దది వేసుకుంటే సరిపోతుంది కదా, ఈ పరీక్షల గొడవ ఎందుకు అంటారు. డబ్బున్న చోట ఆ మాట చెల్లుతుంది. ఏజెన్సీలో ఒక వంతెనకు అనవసరంగా పోసిన కాంక్రీటు మరో వాగుమీద రాని వంతెన అవుతుంది. పైగా గుణకం అనేది తెలిసిన విషయంలోని హెచ్చుతగ్గులకు కాపుదల. ఏ దిక్కున తప్పుతున్నామో కూడా తెలియనప్పుడు ఒకచోట మూడింతలు వృథా చేస్తాం, ఇంకొకచోట సగం తక్కువ వేస్తాం. రెండింటికీ అదే గుణకం పేరు చెబుతాం. వంతెన లేని ఊళ్లో గర్భిణిని డోలీలో మోసుకుపోవడం మన ఏజెన్సీలో పాతకథ కాదు. ఆ డోలీ మోసేవాడి భుజంమీద మన లెక్కలోని తప్పు కూడా కొంత బరువు వేస్తున్నది.

మరొక మాట: ఇటువంటి పరిశోధన మనవల్ల ఏమవుతుంది, అది విదేశాలలో జరిగే పని అని. ఇది ఒట్టి పిరికిమాట. ఐ.ఐ.టి. మద్రాసులో ఎస్. నరసింహారావు, ఆయన సహచరులు సముద్రపు బంకమట్టిలో పైళ్ల గుంపులు పక్కతోపుకు ఎలా ఎదురు నిలుస్తాయో ప్రయోగాలు చేసి 1998లో అమెరికన్ సివిల్ ఇంజనీర్ల సంఘం పత్రికలో ప్రచురించారు. యెనుముల ప్రసాద్, టి.ఆర్. చారి కెనడాలోని న్యూఫౌండ్లాండ్ మెమోరియల్ విశ్వవిద్యాలయంలో, ఇసుకలో దింపిన వంగని నమూనా పైలుమీద మట్టి ఒత్తిడిని కొలిచి చూశారు. 1999లో అచ్చయిన ఆ పద్ధతిని పొట్టి పైళ్లమీద పనిచేసే పరిశోధకులు ఇప్పటికీ ఉదహరిస్తూనే ఉన్నారు. వంగని పొట్టి పైలు అంటే మన కరెంటు స్తంభానికి దగ్గరి చుట్టమే కదా!

టెక్సాస్ వక్రాలను నెత్తిన పెట్టుకున్న దేశాలే ఇటీవల ఏం చేశాయో చూడండి. ఐరోపా సముద్రాలలో గాలిమరలను లావుపాటి, పొట్టి పైళ్లమీద నిలబెట్టవలసి వచ్చింది. సన్నని పొడవైన పైళ్లకోసం గీసిన వక్రాలు వీటికి సరిపోవేమోనని వారికి అనుమానం కలిగింది. ఆక్స్‌ఫర్డు, ఇంపీరియల్ కాలేజీ, డబ్లిన్ విశ్వవిద్యాలయ కళాశాల వాళ్లు కలిసి పీసా అనే పథకం పెట్టి, ఇంగ్లండులో కౌడెన్ బంకమట్టిలో, ఫ్రాన్సులో డంకర్క్ ఇసుకలో పైళ్లను దింపి లాగి చూశారు. వాటిలో పెద్దవి 2 మీటర్ల వ్యాసంగలవి. పక్కనుంచి వచ్చే ఎదురుతోపు ఒక్కటే లెక్కిస్తే చాలదనీ, పైలు చర్మంమీది ఒరిపిడి, మొన దగ్గరి నిరోధం కూడా కలపాలనీ తేల్చి 2020లో ప్రచురించారు. అనుమానం వచ్చిన నేలమీదికే వెళ్లి అడిగారు. మనం మాత్రం అనుమానం వచ్చినా పట్టిక తిరగవేస్తున్నాం.

విమర్శించి ఊరుకోవడం నా ఉద్దేశం కాదు. చేయదగిన పని ఒకటి చెబుతాను. ఐ.ఎస్. 2911 నాలుగవ భాగంలో చెప్పిన పరీక్ష బ్రహ్మవిద్య కాదు. రెండు పైళ్ల మధ్య జాకీ పెట్టి ఒకదాన్నొకటి తోయించడమే. మనకు పైళ్లు కూడా అక్కరలేదు. రెండు స్తంభం ముక్కలు, ఒక చైన్‌పుల్లీ, తోపు కొలిచే సాధనం ఒకటి, నాలుగు డయల్ గేజీలు, వాటిని కదలకుండా పట్టుకునే దూలం ఒకటి చాలు. సమతలంలో ఒక జత, వాలుమీద ఒక జత పాతాలి. ఏప్రిల్‌లో లాగాలి. అదే చోట, పాత గోతులకు కాస్త ఎడంగా, ఆగస్టులో మళ్లీ లాగాలి. ప్రతిసారీ మట్టి తేమ, సాంద్రత కొలిచి వ్రాసుకోవాలి. ఒక్కసారి లాగి వదిలితే చాలదు. గాలి లాగా పదేపదే లాగాలి. ప్రతి ఊపుకూ స్తంభం వెనుక సందు ఏర్పడుతుంది, ఆ సందులో నీరు దిగుతుంది, మరుసటి ఊపుకు మట్టి ఇంకాస్త మెత్తబడుతుంది. ఆ సంగతి గీతమీద కనిపించాలి. మొదట్లో రాళ్లు దట్టించిన స్తంభం ఒకటి, దట్టించనిది ఒకటి పెడితే రైతు చేసే పనికి విలువ ఎంతో అంకెల్లో తేలుతుంది.

ఫైనలియర్ విద్యార్థులు నలుగురైదుగురు ఒక సంవత్సరంలో చేయగల ప్రాజెక్టు ఇది. వరుసగా అయిదు బ్యాచీలు అయిదు చోట్ల చేస్తే ఎర్రనేలకు మనదంటూ ఒక చిన్న పట్టిక తయారవుతుంది. దాన్ని రికార్డు పుస్తకంలో కట్టి అటక ఎక్కించకుండా, కరెంటు శాఖవారికీ, పంచాయతీరాజ్ ఇంజనీర్లకూ, గిరిజనాభివృద్ధి సంస్థకూ ఉచితంగా పంపాలి. లెక్చరర్లు మార్గం చూపాలి. ఉద్యోగాలలో ఉన్న పూర్వ విద్యార్థులు డయల్ గేజీలకు, లారీ కిరాయికి చేయి వేయాలి. యూనియన్ వార్షిక బడ్జెటులో డెకరేషన్‌కు పోయే సొమ్ములో ఒక భాగం దీనికి కేటాయిస్తే సభకు వచ్చే లోటేమీ లేదు.

చివరిగా ఒక విషయం. 1922 ఆగస్టు 24న అల్లూరి సీతారామరాజు దళం దాడి చేసిన పోలీసు స్టేషను మా రాజవొమ్మంగిదే. ఆ తిరుగుబాటుకు దారితీసిన కారణాలలో గూడెం ప్రాంతంలో కొండవాళ్లచేత చాలీచాలని కూలికి బలవంతంగా చేయించిన రోడ్డుపని ఒకటి. ఆనాడు దారి ఎక్కడికి పోవాలో, ఎవరు తవ్వాలో పైవాళ్లే నిర్ణయించారు. ఇక్కడి మనిషిని ఎవరూ అడగలేదు. ఈనాడు దారులు వేసేది మన ప్రభుత్వాలే, మన ఇంజనీర్లే. కాని ఏ మలుపు దగ్గర గట్టు జారుతుందో, ఏ వాగు ఎంత లోతున మట్టిని కోస్తుందో ఏటా చూసే కొండదొరను, కొండరెడ్డిని, కోయదొరను అడిగి నోటుబుక్కులో వ్రాసుకునే అలవాటు మనకు ఇంకా రాలేదు. పరీక్షకు చోటు ఎంచుకునే పని వాళ్లతోనే మొదలుపెట్టాలి. గోతులు తవ్వినవారికి న్యాయమైన కూలి ఇవ్వాలి. తేలిన ఫలితాన్ని వాళ్ల ఊళ్లోనే, వాళ్లకు అర్థమయ్యే మాటల్లో చెప్పాలి.

వచ్చే విద్యాసంవత్సరం ప్రాజెక్టుల జాబితా నోటీసుబోర్డు ఎక్కకముందే ఈ ప్రతిపాదనను యూనియన్ కార్యవర్గం సివిల్ శాఖాధ్యక్షుల ముందు ఉంచవలసిందిగా కోరుతున్నాను. పేర్లు ఇచ్చేవారిలో మొదటి పేరు నాదిగా వ్రాసుకోవచ్చు.